బండి ఎక్కడ ఆపుతారండీ

నిన్న పొద్దున్న బడికి వెళ్తూ కాలవగట్టు ఎక్కానో లేదో, కారులో ఆ దీపం వెలిగింది. నారింజ రంగు దీపం. చిన్న డబ్బా బొమ్మ, దాని పొట్టనిండా చుక్కలు. చూడగానే ‘మేస్త్రీ గారికి ఫోన్ చెయ్యాలి’ అనుకుని బండి ఆపి, ఫోన్ తీసి నంబరు కూడా వెతికాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన పోయి నలభై రోజులు దాటిందని. స్టీరింగు పట్టుకుని అలాగే కూచుండిపోయాను. వెనకాల పాలవ్యాను అతను హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి, “ఏంటండీ టీచర్ గారూ, గట్టు కొనేసేరా?” అని పక్కనుంచి దాటిపోయాడు.

ఆయనకో పేరు ఉండే ఉంటుంది. ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. కొత్తపేట శివార్లలో, కాలవ పక్కన, బోర్డు లేని రేకుల షెడ్డు. ఎవరేమన్నా ముందు “ఆయ్” అనేవాడు గనక ఊళ్లో వాళ్లకి ఆయన ‘ఆయ్ మేస్త్రీ’. నా ఫోన్లో మాత్రం ‘డీజిల్ మేస్త్రీ’. ఇప్పటికీ తీసెయ్యలేదు. తీసెయ్యను కూడా.

మూడేళ్ల కిందట మా అక్కకి పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. అక్కా నేనూ ఇద్దరమే ఉంటాం. ఆస్పత్రికి తిప్పడానికి, ఆవిడ వాకరు పట్టడానికి కాస్త ఎత్తుగా, వెడల్పు తలుపులున్న బండి కావాలని ఒక పాత డీజిల్ కారు కొన్నాను. రోజూ దాన్నే బడికి తీసుకెళ్లేదాన్ని. ఆరు కిలోమీటర్లు పోవడం, ఆరు కిలోమీటర్లు రావడం. రెండు నెలలు తిరక్కుండానే ఈ దీపం వెలిగింది. బండి లాగడం మానేసింది. కాలవ వంతెన ఎక్కలేక మూలుగుతుంటే మా ఏడో తరగతి పిల్ల సైకిలు మీద నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి మరీ “గుడ్ మార్నింగ్ టీచర్” అంది. లెక్కల టీచర్ని, బళ్లో నా గొంతు వింటే పిల్లలు వణుకుతారు. ఆ పూట నా ముఖం ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

ఆ మంటలోనే ఆయన షెడ్డుకి వెళ్లాను. డీజిల్ షెడ్డులో తెల్లచొక్కా వేసుకుని పని చేసే మనిషిని అదే చూడ్డం. అరవై దగ్గర వయసు, బక్కపల్చని ఒళ్లు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“నమస్కారమండీ. ఇంటి దగ్గర బండి ఎక్కడ ఆపుతారండీ?”

“దీపం వెలుగుతోంది, బండి లాగట్లేదు. అది చూడండి ముందు.”

“ఆయ్. చూస్తానండి. ఇంటి దగ్గర ఎక్కడ ఆపుతారండీ?”

“సిమెంటు మీద” అన్నాను.

అబద్ధం. మా దొడ్డి కాలవకి దిగువన ఉంటుంది. నల్లమట్టి. నాలుగు చినుకులు పడితే చక్రం దిగబడిపోతుంది. మా వైపు అందరూ చేసే పనే మేమూ చేశాం: గేటు దగ్గర్నుంచి గోడ దాకా కొబ్బరి డొక్కలు, అంటే కాయ వలిచిన పీచు తొక్కలు, పరిపించాం. వానాకాలంలో అవి బురదని పట్టుకుంటాయి. ఎండాకాలం వచ్చేసరికి పీచు పీచుగా ఎండిపోయి, అగ్గిపుల్ల చూపిస్తే చాలన్నట్టు ఉంటాయి. బండి ఆగేది ఆ డొక్కల మీద. పైన కిటికీ. కిటికీ అవతల మంచం. మంచం మీద పొద్దస్తమానం మా అక్క.

ఎందుకు అబద్ధం చెప్పానంటే, మా దొడ్డి సంగతి ఈయనకెందుకన్న పొగరు. దొడ్లో సిమెంటు కూడా వేయించుకోలేదని తెలుస్తుందేమోనన్న నామోషీ కూడా కొంచెం. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, “మంచిదండి” అన్నాడు.

ఆయన దగ్గర ఎప్పుడూ తెల్లటి చేతిరుమాలు ఒకటి ఉండేది. ఏ బండి వచ్చినా బానెట్ ఎత్తేవాడు కాదు. తిన్నగా వెనక్కి వెళ్లి, రుమాలు చూపుడువేలికి చుట్టుకుని, పొగగొట్టం లోపల ఒక చుట్టు చుట్టి తీసి చూసేవాడు. తెల్లగానే ఉంటే “పట్టుకుంటోందండి” అని మడిచి జేబులో పెట్టుకునేవాడు. నల్లగా వస్తే మాత్రం ఆ రుమాలు బండి యజమాని చేతిలో పెట్టి, “ఇది మీదేనండి, ఉంచుకోండి” అనేవాడు. అంత మర్యాదగా చెంప వాయించే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నా బండి రుమాలు తెల్లగానే వచ్చింది. అప్పుడు చెప్పాడు.

“ఇంజను వదిలే మసినంతా ఈ ఫిల్టరు డబ్బా పట్టేసుకుంటుందండి. నిండేక తనే కాల్చేసుకుంటుంది. కాలాలంటే బాగా వేడెక్కాలి. మీరేమో ఆరు కిలోమీటర్లు పోయి ఆపేస్తున్నారు. ఎసరు మరక్కుండానే పొయ్యి ఆర్పేసినట్టండి. ఇప్పుడు డబ్బా నిండిపోయింది, గాలి పోవట్లేదు. గాలి పోకపోతే బండి ఏం లాగుద్దండీ పాపం?”

“అయితే ఏం చెయ్యాలి?”

“జొన్నాడ దాకా పోయొద్దాం రండి.”

ఆ విధంగా మా జొన్నాడ ప్రయాణాలు మొదలయ్యాయి. నెలకో ఆదివారం. రావులపాలెం దాటి హైవే ఎక్కాక ఒకటే వేగం, ఒకటే గేరు. ఆయన నా పక్క సీట్లో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ముక్కు కాస్త పైకెత్తి కూచునేవాడు. మాట్లాడేవాడు కాదు. నేనేమన్నా మొదలెడితే “స్పీడు చూడండి” అనేవాడు. వంతెన మీదకి రాగానే కారులో ఎవరున్నా గోదారి వైపు తల తిప్పుతారు కదా. ఆయన ఒక్కసారీ తిప్పలేదు. దీపం వైపే చూస్తూ ఉండేవాడు.

మొదటిసారి దీపం జొన్నాడలో ఆరింది. నాకు పిల్లల రిజల్ట్ వచ్చినంత సంబరమైంది. టీ తాగుదామని రోడ్డు పక్క ఎండుగడ్డి మీదకి బండి దింపబోయాను. ఆయన చప్పున స్టీరింగు పట్టుకున్నాడు.

“ఇక్కడొద్దు!”

అండీ లేదు, ఆయ్ లేదు. ఆ గొంతు కూడా ఆయనది కాదు. బండి ముందుకి పోనిచ్చి, టీకొట్టు పక్కన ఉత్త ఇసకలో ఆపాను. దిగగానే కాలిన ఇనుము వాసన. ఆయన జేబులోంచి చిటికెడు కొబ్బరిపీచు తీశాడు. జేబులో పీచు పెట్టుకు తిరిగే మనిషిని చూసి నాకు నవ్వొచ్చింది. దాన్ని పటకారుతో పట్టుకుని, కింద కూచుని, బండి పొట్ట కింద డబ్బాకి ఆనించాడు. కాసేపు ఏమీ అవలేదు. తర్వాత పీచు చివర సన్నగా ఎర్రబడింది. పొగ కూడా సరిగ్గా లేదు.

“చూసేరా అండీ? మంట రాదు. ముందు ఇలా ఎర్రబడుద్ది. తర్వాత గాలి రావాలి. అంతేనండి.”

అని దాన్ని ఇసకలో పొడిచి ఆర్పి, బండి చల్లారేదాకా పావుగంట అక్కడే నిలబడ్డాడు.

నాకు టీ దిగలేదు. కళ్ల ముందు మా అక్క కిటికీ. “దీపం వెలిగినప్పుడేనా ఇంత వేడెక్కేది?” అని అడిగాను.

“కాదండి. ఒక్కోసారి దీపం వెలక్కుండానే, మనకి చెప్పకుండానే కాల్చుకుంటుందండి. ఏ రోజన్నది తెలీదు.”

అప్పుడైనా చెప్పొచ్చు కదా, ‘మేస్త్రీ గారూ, నేను డొక్కల మీద ఆపుతున్నాను’ అని! నోరు తెరిచాను కూడా. ఆయన టీ సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు. నోరు మూసుకున్నాను. ఎదుటివాళ్ల తప్పుని ఎర్రసిరాతో దిద్దడం అలవాటైన చెయ్యి నాది. నా తప్పు నేను చెప్పుకోవడం ఏ రోజూ అలవాటు లేదు.

ఇంటికొచ్చి డొక్కలన్నీ తీయించేశాను. వారం తిరక్కుండా వాన. అక్కని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన రోజే చక్రం దిగబడింది. ఇద్దరు మనుషులు తోసినా కదల్లేదు. అక్క వాకరు పట్టుకుని అరగంట వరండాలో నిలబడి, కాళ్లు వణికి కూలబడిపోయింది. సాయంత్రానికి నా చేతులతో నేనే మళ్లీ డొక్కలు పరిచాను. ఇక అక్కడినుంచి రోజూ ఇదే వరస: బడినుంచి రావడం, బండి ఆపడం, కాఫీ కలుపుకుంటూ ముక్కు ఎగబీల్చడం. ఏ ఇంట్లో ఏది మాడినా దొడ్లోకి పరిగెత్తి బండి కింద చూసేదాన్ని. “కుక్కలా ఏంటే ఆ వాసన పట్టడం?” అని అక్క నవ్వేది.

ఇదంతా పడలేక ఒకరోజు ఆయన్నే అడిగేశాను. “ఆ డబ్బా ఖాళీ చేసెయ్యండి. హైవే మీద షెడ్లలో కోసి, లోపలి జల్లెడ తీసేసి, మళ్లీ వెల్డింగ్ పెట్టేస్తున్నారట. బండి గుర్రంలా పరిగెడుతుందట.”

“పరిగెడుద్దండి. ముందు నేనూ చేసేవాణ్ణే” అన్నాడు. దగ్గు వచ్చింది. ఆయన దగ్గు చిన్నగా మొదలై ఎంతకీ ఆగేది కాదు. తగ్గాక అన్నాడు, “ఆ మసి ఎక్కడికి పోద్దండీ? సాయంత్రం బడి గేటు దగ్గర బండి స్టార్ట్ చేస్తారు. అప్పుడు పిల్లలు ఎక్కడ నిలబడతారండీ?”

వెనకాల నిలబడతారు. టాటా చెప్పడానికి. 

“తీసేస్తే ఒక భయమండి, ఉంచితే ఒక భయం. ఉంచుకుని జాగ్రత్తగా ఉండడమే” అని, స్పానర్లు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పడం మొదలెట్టాడు. “రాజోలు వైపు ఒక పార్టీ అండి. ఈ పని తెలిసినవాడే. దీపం వెలిగితే బండి బాగా పరిగెత్తించేడు. ఆరిపోయింది. సంతోషంగా ఇంటికొచ్చి షెడ్డులో పెట్టేడు. కింద డొక్కలు. మధ్యాహ్నం అన్నం తిని, సైకిలేసుకుని పనికి పోయేడండి. వాళ్లావిడ జొరంతో లోపల పడుకుంది.”

“తర్వాత?”

“గుమ్మం దాకా వచ్చిందండి. రెండడుగులు తక్కువ.”

“ఆ మనిషి ఏమయ్యాడు?”

“ఉన్నాడండి. పని చేసుకుంటున్నాడు.”

మొన్న వేసవి ముందు బండి సర్వీసుకి ఇచ్చాను. ఆయన బండి కింద పడుకుని చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చూస్తే, రెండు వేళ్ల మధ్య ఏదో పట్టుకుని ఉన్నాడు. కొబ్బరిపీచు. డబ్బా అంచున చిక్కుకుని ఉందట. సగం నల్లగా కాలింది. నాకు చూపించలేదు, దాచనూ లేదు. రుమాల్లో పెట్టి మడిచి, జేబులో వేసుకున్నాడు.

“సిమెంటు మీదేనన్నారు కదండీ?”

“ఆ” అన్నాను.

రెండో అబద్ధం. ఈసారి నా చెవులకే వినపడనంత చిన్నగా వచ్చింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే గేటు చప్పుడైతే తలుపు తీశాను. ఆయన. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. వెనకాల ఇసక ట్రాలీ. నేను ‘రండి’ అనేలోపే దొడ్డంతా ఒకసారి చూసేశాడు. డొక్కలు, బండి, కిటికీ. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండేది.

“అక్కగారిని ఒకసారి పలకరించవచ్చాండీ?”

లోపలికొచ్చి, గుమ్మం పక్కన నిలబడి, అక్కకి నమస్కారం పెట్టాడు. “అక్కగారండీ, మీకు శ్రమ లేకపోతే మంచం మీంచి లేచి గుమ్మం దాకా ఒకసారి రండి. నేను చూడాలండి.”

అక్కకి ఎవరు పలకరించినా సంతోషమే. “ఏంటి మేస్త్రీ గారూ, నాకూ సర్వీసింగు చేస్తారా?” అని నవ్వుతూ వాకరు అందుకుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. నేను లెక్కల మనిషిని, ఆయనేం చేస్తున్నాడో వెంటనే తెలిసింది. టక్కుమని వాకరు, తర్వాత కాలు ఈడ్పు. మళ్లీ టక్కుమని వాకరు. మధ్యలో అలిసిపోయి ఒకసారి ఆగింది. గుమ్మం పట్టుకునేసరికి ఆయన కళ్లు తెరిచాడు.

“నూట పద్దెనిమిది సెకన్లండి” అన్నాడు నాతో, మెల్లిగా.

తర్వాత తువ్వాలు తలకి చుట్టుకుని, మధ్యాహ్నం దాకా దగ్గుతూనే మా దొడ్లో డొక్కలు ఏరాడు. మనిషిని పిలుస్తానంటే వినలేదు. ఒక్క పీచు కూడా వదలకుండా ఏరి, కాలవ వైపు పాకలో వేసి, ఆ చోటంతా ఇసక పోయించాడు. మంచినీళ్లు తాగి, “వస్తానండి” అని వెళ్లిపోయాడు. నేను క్షమించమని అడగలేదు. వచ్చే జొన్నాడ ప్రయాణంలో చెబుదాంలే అనుకున్నాను.

“ఎందుకే ఆయనకి ఇంత శ్రమ?” అని అక్క అడిగింది. ఆవిడ కిటికీ పక్కనే పడుకునే మనిషి. నిజం చెబితే ఇక నిద్రపోతుందా? “ఆయనకదో చాదస్తంలే” అన్నాను. మూడో అబద్ధం అదన్నమాట.

ఆ తర్వాత మరి జొన్నాడ వెళ్లలేదు. ఆయన దగ్గు ముదిరి ఆస్పత్రిలో చేరాడని కూడా నాకు తెలీదు. బడి తెరిచిన మొదటి ఆదివారం షెడ్డుకి వెళ్తే ఎవరో కొత్తమనిషి సామాన్లు గోనెసంచుల్లో సర్దుతున్నాడు. ఆయన బావమరిదినని చెప్పాడు.

“మా బావ పోయేరండి. పది రోజులైంది. ఊపిరితిత్తులన్నీ మసి పట్టేసేయన్నారండి.”

అక్కడున్న స్టూలు మీద కూచున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా, ఆయన్నుంచి నేర్చుకున్నవి చెప్పాను. రుమాలు సంగతి, జొన్నాడ సంగతి, రాజోలు పార్టీ సంగతి. అతను సర్దడం ఆపేశాడు.

“పార్టీ ఏంటండీ?” అన్నాడు. “ఆ బండి మా బావదేనండి. లోపల పడుకున్నది మా అక్క.”

ఆ మాట తర్వాత నేను ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. వచ్చి, అక్క మంచం పక్కన కూచుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో అక్కకి అప్పుడూ చెప్పలేదు.

నిన్నటికి వద్దాం. పాలవ్యాను దాటిపోయాక హెడ్మాస్టారికి ఫోన్ చేసి, ఒక పూట సెలవు పెట్టి, బండి జొన్నాడ వైపు తిప్పాను. పక్క సీటు ఖాళీ. ఒకటే వేగం, ఒకటే గేరు. నేనూ గోదారి వైపు చూడలేదు. దీపం జొన్నాడలో ఆరలేదు. వెనక్కి తిరిగినా ఆరలేదు. రావులపాలెం దాటింది, కొత్తపేట వచ్చింది, ఆరలేదు. మా వీధి మలుపు తిరుగుతుంటే ఆరింది. “ఆరిందండీ మేస్త్రీ గారూ” అని పైకే అన్నాను. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టారు ఫోన్. ఆఫీసరు ఎవరో బడికి వస్తున్నారట, వెంటనే రమ్మన్నారు. ఫోన్ చెవిలో పెట్టుకునే గేటు దాటి, బండి రోజూ ఆపే చోట ఆపాను. మొన్నటి ముసురుకి ఇసక కొట్టుకుపోయి, వారం రోజులుగా చక్రం జారుతోంది. ఇవాళ జారలేదే అనుకున్నాను. అంతే అనుకున్నాను.

వంటింట్లో మంచినీళ్లు తాగుతుంటే అక్క గదిలోంచి కేకేసింది.

“బండి జారలేదు కదూ? రోజూ తిట్టుకుంటూ చస్తున్నావని, ఇందాక కొబ్బరికాయలు దింపు తీయడానికి వచ్చినతన్ని అడిగి డొక్కలేయించానే. పాకలో ఉన్నాయి కదా, బాగా ఎండినవి.”

గ్లాసు ఎక్కడ పడేశానో తెలీదు. “అక్కా, లే! బయటికి రా!” అని అరుస్తూ పరిగెత్తాను. ఎండలో ఏమీ కనపడలేదు. మంట లేదు. వంగి చూశాను. బండి పొట్ట కింద చేటంత మేర ఎర్రగా, చప్పుడు లేకుండా పాకుతోంది. గాలి ఒక్కటే తక్కువ.

బండెక్కి వెనక్కి లాగి వీధిలో పడేశాను. నూతి దగ్గరికి పరిగెత్తాను. ఒక బకెట్టు పోశాను. బుస్సుమంది. రెండోది పోశాను. మూడోది పోస్తుంటే కిటికీ కింద గోడకి పాకిన మసి కనపడింది. జానెడు. పైన కిటికీ రెక్క తెరిచే ఉంది. లోపల్నుంచి టక్కుమని వాకరు, తర్వాత కాలు ఈడ్పు. మళ్లీ టక్కుమని వాకరు.

అక్క ఇంకా గుమ్మం దాకా రాలేదు.

ఖాళీ బకెట్టుతో ఆ బురదలోనే నిలబడ్డాను. “డొక్కల మీదండీ మేస్త్రీ గారూ” అన్నాను. “మొదటి రోజునుంచీ డొక్కల మీదే ఆపుతున్నానండి. మా అక్క కిటికీ కింద.”

చాలాసేపటికి అక్క ఆయాసపడుతూ గుమ్మం పట్టుకుంది.

“ఎవరితోనే మాట్లాడుతున్నావు?” అంది.

బకెట్టు అక్కడే వదిలేసి, వెళ్లి ఆవిడ పక్కన గుమ్మంలో కూచున్నాను. మొత్తం చెప్పాను. ఆ ‘సిమెంటు మీద’ దగ్గర్నుంచి మొదలుపెట్టి.